ముప్పై దాటిన ఊపిరి

రాజమణికి పరుగంటే ప్రాణం. పరిగెత్తడానికి చోటే లేదు, అదీ తంటా. ఛత్రినాకలో, లాల్‌దర్వాజా వైపు తిరిగే గల్లీలో, వాళ్ళ నాయన దుర్గయ్య అద్దెకు తీసుకున్నది ఒకటే గది. దానికి కిటికీ లేదు. గోడ పైభాగాన పిడికెడంత సందు ఉంది కాని దాంట్లో పిచ్చుకలు కాపురం పెట్టాయి. బయట గల్లీ సంగతి సరేసరి. ఎదురుగా సైకిల్ వస్తే మనిషి గోడకు ఒత్తుకోవాలి. అందులో పంతొమ్మిదేళ్ళ పిల్ల పరిగెత్తిందంటే ఎవరో చచ్చారనైనా అనుకుంటారు, ఎవరితోనో లేచిపోతోందనైనా అనుకుంటారు. ఊరికే పరిగెత్తుతోందని మాత్రం ఏ పుణ్యాత్ముడూ అనుకోడు.

బడిలో ఉన్నన్నాళ్ళూ ఆటల గంటలో పరిగెత్తింది. డ్రిల్లు టీచర్ రాహేలు, సన్నగా వెదురు కర్రలా ఉండే మనిషి, నోట్లో విజిల్ పెట్టుకునే నవ్వగలిగిన మనిషి, ఈ పిల్లను ఏరి పట్టుకుంది. ఇంటర్ గట్టెక్కగానే పీటీ టీచర్ ట్రైనింగుకు పంపాలని ఆమె పట్టుదల. ఆ కాలేజీలో సీటు మార్కులతో రాదు. ఎనిమిది వందల మీటర్లు మూడున్నర నిమిషాల్లో పరిగెత్తినవాళ్ళకే వస్తుంది. సీటొస్తే హాస్టలొస్తుంది, ఏడాది తిరిగేసరికి ఉద్యోగమొస్తుంది. ఆ గదిలోంచి బయటపడడానికి రాజమణికి కనిపించిన దారి అదొక్కటే.

ఇంట్లో పూట గడవక ఆ మాట మూలపడి, ఇంటర్ అయిపోయి రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళూ ఆమె తల్లి కాశమ్మ పక్కన పీట వేసుకుని అగరుబత్తులు చుట్టింది. బొగ్గుపొడి, జిగురు కలిపిన ముద్దను వెదురు పుల్లకు చుట్టి అరచేత్తో దొర్లించడం, పొడి అద్దడం, ఆరబెట్టడం. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా అదే పని. దేవుడికి సువాసన, చుట్టేవాళ్ళకు దగ్గు. ముక్కు చీదితే నల్లగా వచ్చేది. నల్లా దగ్గర నుంచి రెండు బిందెలు మోసుకొస్తే ఎగపోసుకుని కూర్చుండిపోయేది రాజమణి. ఒకప్పుడు బడి మైదానం ఆరుసార్లు చుట్టిన పిల్ల!

డెబ్బై ఏడో సంవత్సరం వేసవిలో రాహేలు టీచర్ కబురు పెట్టింది. డాక్టరమ్మ ఒకామె పాతబస్తీ ఆడపిల్లల మీద పరీక్ష ఏదో చేస్తోందట. పన్నెండు వారాలు ప్రాణాయామం చేయించి, దానివల్ల ఒంట్లో దమ్ము పెరుగుతుందా లేదా లెక్క తేలుస్తుందట. పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ లోపు పిల్లలు ఇరవైమంది కావాలట. రాజమణి, పక్కింటి బిల్కీస్ ఇద్దరూ పేర్లిచ్చారు. బిల్కీస్ వాళ్ళమ్మ ముందు ఒప్పుకోలేదు. ముక్కుతో గాలి పీల్చడానికి ఏ మతమూ అడ్డురాదని రాహేలు టీచర్ వెళ్ళి చెప్పాక ఒప్పుకుంది. ఆదివారం చర్చిలో పాడే రాహేలు ఈ ప్రాణాయామం ఎక్కడ నేర్చిందంటే, ఏదో శిక్షణ శిబిరంలో నేర్చిందట. ఆమెకు అది డ్రిల్లు కిందే లెక్క.

మొదటి రోజు బడిలో ఒక బల్ల వేశారు. విజిల్‌కు తగ్గట్టు దాన్ని ఎక్కాలి, దిగాలి. అయిదు నిమిషాలు చేయమంటే రాజమణి రెండున్నర నిమిషాలకే కూలబడింది. డాక్టరమ్మ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుంది. తర్వాత ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టమన్నారు. ఇరవై రెండు సెకండ్లు. గొట్టంలో ఊది పాదరసాన్ని గీత దగ్గర నిలపమన్నారు. నిలవలేదు. పక్కన బిల్కీస్ అవలీలగా నిలిపి కిసుక్కున నవ్వింది. ఆ రోజు రాజమణి ఇంటికొచ్చి అన్నం తినలేదు. తన ఒళ్ళు కూడా ఆ గది లాంటిదే అయిపోయిందని ఏడ్చింది.

మర్నాటి నుంచి పట్టింది. రాహేలు టీచర్ చెప్పినవి మూడు. ఒకటి, కడుపు నిండా మెల్లగా పీల్చి అంతకు రెండింతలు మెల్లగా వదలడం. రెండు, ఒక ముక్కు మూసి ఇంకో ముక్కుతో పీల్చడం. మూడోది భస్త్రిక. కొలిమి తిత్తి కొట్టినట్టు గబగబా పీల్చి వదలాలి, భుజాలు కదలకూడదు, పొట్ట మాత్రమే ఆడాలి. దీనికి ఒక కట్టడి ఉంది. ముప్పై దాటకూడదు. ముప్పై కాగానే ఆగి మామూలు ఊపిరి తీసుకోవాలి, దాటితే కళ్ళు తిరుగుతాయి, చేతులు కొంకర్లు పోతాయి. టీచర్ ఈ మాట పదిసార్లు చెప్పింది. పరిగెత్తడానికి చోటు లేదు కాని పీల్చడానికి చాప పరిచేంత చోటు చాలు. గోడవైపు తిరిగి కూర్చుని రాజమణి చేస్తుంటే, వెనకాల కాశమ్మ పుల్లలు చుడుతూ, లెక్క తనే వినిపించేది. ఇరవై తొమ్మిది, ముప్పై, ఇగ ఆపు బిడ్డా అనేది.

ఆరు వారాలకు నీళ్ళ బిందెలు తేలికయ్యాయి. ఎనిమిదో వారంలో బల్ల నాలుగు నిమిషాలు ఎక్కిదిగింది. ఊపిరి నలభై సెకండ్లు నిలిచింది. ఇరవైమందిలో అయిదారుగురికి ఏ మార్పూ రాలేదు, వాళ్ళలో బిల్కీస్ ఒకతె, కానీ ఆమె దమ్ము మొదటే గట్టిది. పరుగు పరీక్షకు రాహేలు టీచర్ దరఖాస్తు పెట్టించింది. రాజమణికి చాలా కాలం తర్వాత రేపటి మీద ఆశ పుట్టింది.

ఇక ఇంట్లో దుర్గయ్య సంగతి చెప్పాలి. ఉస్మాన్‌గంజ్ ధాన్యం గోదాములో హమాలీ. బస్తా మోసినప్పుడు మంచివాడే. కల్లు కాంపౌండు దాటి ఇంటికొచ్చాక ఆ బస్తా బరువంతా కాశమ్మ వీపు మీద దించేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందనో, తక్కువైందనో, ఆమె దగ్గిందనో, దగ్గకుండా నోరు మూసుకుందనో. కారణాలకేం కరువు, మొగుడికి! గల్లీ అంతా వినేది, ఎవరూ వచ్చేవారు కాదు. పెళ్ళైన పదిహేడో రోజు నుంచి ఇదే వరస అని కాశమ్మ ఒకసారి ఎవరితోనో అంటుంటే రాజమణి వింది.

ఆషాఢం వచ్చింది. బోనాల డప్పులు మొదలయ్యాయి. ఒక గురువారం దుర్గయ్య కాశమ్మను మరీ ఎక్కువ కొట్టాడు, ఆమె దవడ వాచిపోయింది. శుక్రవారం పొద్దున్నే రాజమణి తలస్నానం చేసి, ఆ గదిలో తండ్రి గురక వింటూ కూర్చోలేక, గల్లీ చివర పోచమ్మ గుడి వెనక అరుగు మీదికి పోయి కూర్చుంది. జుట్టు ఆరేదాకా విరబోసుకుంది. నుదుట తల్లి పెట్టిన పసుపు ఉంది. భస్త్రిక మొదలుపెట్టింది. గుడి ముందర కుర్రాళ్ళు డప్పు సరిచూసుకుంటున్నారు. కోపమో దుఃఖమో, ఆమె ఊపిరి ఆ దెబ్బతో జతకలిసింది. ముప్పై దాటింది. అరవై దాటింది. ఆపాలని తెలుసు. ఆపబుద్ధి కాలేదు. నూరు దాటాక అరుగు గిర్రున తిరిగింది, పెదాలు తిమ్మిరెక్కాయి, వేళ్ళు కొంకర్లు పోయి విప్పుకోలేదు, ఒళ్ళంతా వణుకు పట్టింది.

సరిగ్గా అప్పుడే అమ్మవారి ముందు పసుపునీళ్ళు సాకపోయడానికి నాగమణమ్మ చెంబుతో వచ్చింది. నలభై ఏళ్ళుగా ఆ గల్లీకి ఆమే శివసత్తి. అంటే అమ్మవారు ఒంటి మీదికి వచ్చేది ఆమెకే. బోనాల మర్నాడు పచ్చి కుండ మీద నిలబడి రాబోయే ఏడాది మంచిచెడ్డలు, అదే రంగం, చెప్పేది కూడా ఆమే. మోకాళ్ళు పోయాయి, వారసురాలి కోసం రెండేళ్ళుగా వెతుకుతోంది. ఆమెకు కనిపించింది ఏమిటి? శుక్రవారం, ఆషాఢం, అమ్మ గుడి, విరబోసిన జుట్టు, డప్పుతో పాటు ఊగిపోతున్న కన్నెపిల్ల. ఇంకేం ఆలోచిస్తుంది పాపం. చెంబులో పసుపునీళ్ళు పిల్ల నెత్తిన గుమ్మరించి, వేపరెమ్మ చేతిలో పెట్టి, గల్లీ అదిరేట్టు కేక పెట్టింది. అమ్మ వచ్చిందని.

మాట పెగిలేసరికి రాజమణి చుట్టూ గల్లీ మొత్తం ఉంది. ఇది ఊపిరి వల్ల టీచరమ్మ చెప్పిన తిమ్మిరేనని చెబుదామని నోరు తెరిచింది. అప్పుడు ఎవరో జనాన్ని తోసుకొచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డారు. దుర్గయ్య. మత్తు ఇంకా దిగలేదు.

“తప్పయింది తల్లీ. ఇగ చెయ్యి లేపను. నీ మీద ఒట్టు,” అన్నాడు.

అతని నెత్తి మీదుగా తల్లి వాచిన దవడ కనిపించింది. రాజమణి తెరిచిన నోరు మూసుకుంది.

అంతే, అక్కడ చిక్కుకుంది. పది రోజులు, ఇరవై రోజులు, దుర్గయ్య నిజంగానే చెయ్యి లేపలేదు. కల్లు మానలేదు కాని తాగొచ్చి గోడకానుకుని నిద్రపోయేవాడు. కూతురి ముందు గొంతు పెంచడానికి కూడా జంకేవాడు. నల్లా దగ్గర ఆడవాళ్ళు కాశమ్మ బిందెను ముందు పెట్టనిచ్చారు. కాశమ్మ ఒళ్ళు కొద్దిగా నిండింది. పుల్లలు చుడుతూ ఎప్పుడో విన్న బతుకమ్మ పాట కూనిరాగం తీసింది. తల్లి పాడుతుందని రాజమణికి పంతొమ్మిదేళ్ళ దాకా తెలియనే తెలియదు.

ఇటు మంగళవారం, శుక్రవారం గుమ్మం ముందు నిమ్మకాయలు పట్టుకుని జనం. పిల్లవాడికి జ్వరం, గేదె పాలివ్వడం లేదు, కోడలు పలకడం లేదు. రాజమణి ఏం చెప్పాలో తెలియక నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ కూర్చునేది. అదీ మహిమే అన్నారు. ఊగితే అమ్మ ఉగ్రంగా ఉందన్నారు, కదలకపోతే శాంతించిందన్నారు. ఏం చేసినా అమ్మే, రాజమణి మాత్రం ఎక్కడా లేదు. బయటికి ఒంటరిగా పోనివ్వడం మానేశారు. శివసత్తి అయ్యే పిల్ల అందరినీ తాకుతూ బస్సులెక్కకూడదట. పన్నెండో వారం కొలతలకు ఆమె వెళ్ళనే లేదు. బోనాల మర్నాడు సోమవారం పొద్దున్నే రంగం చెప్పించి, నాగమణమ్మ తన మెడలోని గవ్వల దండ తీసి ఈమె మెడలో వేస్తుందని నిర్ణయమైంది. ఆ దండ ఒకసారి పడితే తీయడం లేదు. ఆ గుడి విడిచి, ఆ గల్లీ విడిచి ఇంకో చోట కాపురమూ లేదు, కొలువూ లేదు.

అదే సోమవారం పొద్దున ఏడు గంటలకు మూసీ అవతల పరుగు పరీక్ష. ఆ సంగతి బిల్కీస్ వచ్చి చెవిలో చెప్పింది.

“టీచరమ్మ ఒకటే ఫికర్ పడుతున్నది. నిజం చెప్పెయ్యి రాజీ. ఒక్క దినం లొల్లి అయితది, అయిపోతది,” అంది.

“నాకు ఒక్క దినం లొల్లి. మా అవ్వకు?” అంది రాజమణి.

 బిల్కీస్ ఆమె పరుగు బూట్లు తన దగ్గరే ఉంచుకుంటానని, సోమవారం తమ అన్న వహీద్ ఆటోను గల్లీ మొదట్లో నిలబెట్టిస్తానని, వస్తే రమ్మని చెప్పి వెళ్ళింది. రాజమణి ఆ రాత్రీ పగలూ ఒకటే లెక్క వేసుకుంది. తను పోతే అమ్మ రాలేదని తేలిపోతుంది. అమ్మ రాలేదని తేలితే దుర్గయ్యకు పట్టిన భయం వదులుతుంది. నెల రోజులు బిగబట్టిన చెయ్యి ఎలా లేస్తుందో ఆమెకు తెలుసు. ఆమె ఊపిరి ఇప్పుడు యాభై సెకండ్లు నిలుస్తుంది. దాంతో ఏం చేసుకోవాలి? పారిపోవడానికి పెంచుకున్న దమ్మే పట్టుకుని కూర్చోబెట్టింది. దేవుడా అని ఏడవడానికి కూడా లేదు, దేవతే తనై కూర్చుందాయె.

శనివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరే ఉన్నారు. పుల్లలు చుడుతూ, తలెత్తకుండా, కాశమ్మ అంది.

“ఆ శుక్రారం నీ ఎనకనె వచ్చిన బిడ్డా. గుడి పక్కన నిలబడ్డ. రోజూ లెక్కవెట్టె అలవాటాయె, లెక్కవెట్టిన. నూట పన్నెండు.”

రాజమణి చేతిలో పుల్ల ఆగిపోయింది. “అంటె నీకు ఎరికేనా? మొదటి సందే ఎరికేనా అవ్వా?”

“ఎరికె.”

“మరి చెప్పలేదేంది?”

 కాశమ్మ బొగ్గుపొడి అంటిన చేతుల్ని ఒడిలో పెట్టుకుంది. “నెల దినాలు నిద్రపోయిన బిడ్డా. లగ్గమైన కాన్నుంచి గట్ల నిద్రపోలె. ఇంకొక్క దినం పండుకుంట, ఇంకొక్క దినం పండుకుంట అనుకుంట నిన్ను అమ్ముకున్న.”

రాజమణికి కోపం రాలేదు. వస్తే బాగుండేది. తల్లి పక్కకు జరిగి భుజానికి తలానించి కూర్చుంది. పరీక్షకు పోనని చెప్పింది.  మిగిలిన ముద్ద ఎండిపోకముందే చుట్టెయ్యాలని కాశమ్మ మళ్ళీ పుల్ల అందుకుంది.

ఆదివారం బోనాలు పోయాయి. సోమవారం తెల్లవారుతూనే గుడి ముందు నీళ్ళు చల్లి, కాల్చని పచ్చి కుండను బోర్లించి, చుట్టూ పసుపు కుంకుమ పెట్టారు. రాజమణి పసుపు చీరలో, ముఖమంతా పసుపుతో, చేతిలో వేపమండతో కుండ ముందు నిలబడింది. నాగమణమ్మ గవ్వల దండను పళ్ళెంలో పెట్టుకుని పక్కనే కూర్చుంది. దుర్గయ్య చేతులు కట్టుకుని ముందువరసలో ఉన్నాడు. ఆరు కావస్తోంది. గల్లీ మొదట్లో ఆటో ఇంజను చప్పుడు రాజమణికి వినిపిస్తూనే ఉంది. డప్పు లేచింది. ఆమె కళ్ళు మూసుకుని భస్త్రిక మొదలుపెట్టబోయింది.

తను మొదలుపెట్టకముందే ఊపిరి చప్పుడు వినిపించింది. ముక్కులోంచి, గబగబా, తిత్తి కొట్టినట్టు. ఎవరిదో తెలియడానికి కళ్ళు తెరవనక్కర్లేదు. భుజాలు ఎగరేస్తూ పీలుస్తున్న ఊపిరి అది. టీచరమ్మ చూస్తే తప్పంటుంది. రాజమణి అలవాటు కొద్దీ లోపల లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. ఆగలేదు.

కాశమ్మ చేతిలోని నిమ్మకాయల పళ్ళెం కిందపడింది. కొప్పు విడిపోయింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆమె కూతుర్ని భుజంతో పక్కకు నెట్టి పచ్చి కుండ మీదికి ఎక్కింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, కుండ పగలలేదు. నాగమణమ్మ మోకాళ్ళ మీద లేచి నోరు తెరిచి చూస్తోంది. 

కాశమ్మ చూపు నేరుగా దుర్గయ్య మీదికి పోయింది. ఆ గొంతు రాజమణి ఎన్నడూ విననిది.

“ఈ ఒంటి మీద ఎన్ని దెబ్బలున్నయో నాకు ఎరికెరా. ఇది నా ఒళ్ళు. ఇంకొక్కటి పడ్డదంటె నీ వంశం ఉండది.”

దుర్గయ్య కుండ ముందు సాగిలపడ్డాడు.

“పిల్ల నాది కాదు. పిల్ల కాడికి నేను రాను. దానికి తొవ్వ ఇడువుండ్రి.”

నాగమణమ్మ ఒక్క క్షణం ఆ ముఖం చూసింది, ఈ ముఖం చూసింది. నలభై ఏళ్ళు కుండ ఎక్కిన మనిషి, ఏం పోల్చుకుందో ఏమో ఎవరికీ చెప్పలేదు. గవ్వల దండ తీసి కాశమ్మ మెడలో వేసింది. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. రాజమణి నడిచింది, తర్వాత ఆ గల్లీలోనే, పసుపు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, అందరూ చూస్తుండగా పరిగెత్తింది.

మూసీ అవతలి మైదానంలో, వహీద్ ఆటో దిగిన ఆమెను చూసి పిల్లలు నవ్వారు. ముఖం నిండా పసుపు, కాళ్ళకు బూట్లు. రాహేలు టీచర్ మాత్రం విజిల్ తీసి జేబులో వేసుకుని, ఊపిరి కడుపులోకి, భుజాలు కదలొద్దు, అని మాత్రమే చెప్పింది. రెండేళ్ళుగా పరుగు లేని కాళ్ళు రెండో చుట్టులోనే మొరాయించాయి. దమ్ము మొరాయించలేదు. మూడు నిమిషాల ఇరవై రెండు సెకండ్లు. గీత దాటి గడ్డిలో పడి, తల్లి పీల్చిన తప్పు ఊపిరిని తలుచుకుని, పిచ్చిదానిలా ఏడ్చింది.

రాజమణి డ్రిల్లు టీచరైంది. పిల్లలకు ఊపిరి నేర్పింది, ముప్పై దగ్గర ఆపడం కచ్చితంగా నేర్పింది. దుర్గయ్య చచ్చేదాకా కాశమ్మ మీద చెయ్యి లేపలేదు. కాశమ్మ కూడా ఆ గల్లీ దాటలేదు. కూతురికి క్వార్టర్ వచ్చింది, రెండు కిటికీలున్న క్వార్టర్, వచ్చి ఒక్క పూట ఉండమని ఎంత బతిమాలినా గవ్వల దండ చూపించి నవ్వేది. మంగళ, శుక్రవారాలు గుమ్మం ముందు జనం. రాజమణి వచ్చినప్పుడల్లా ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయేది. తను ఖాళీ చేసిన చోట తల్లి కూర్చుంది.

ఎనభై ఎనిమిదిలో ఒక బోనాల మర్నాడు, కుండ దిగి అలసిపోయి పడుకున్న తల్లి మణికట్టు పట్టుకుని రాజమణి నాడి లెక్కపెట్టింది. పదకొండేళ్ళుగా అడగాలనుకుంటున్న మాట అప్పుడు అడిగింది.

“అవ్వా, నిజం చెప్పు. ఆ దినం నీకు అమ్మ వచ్చిందా, ఉత్త ఊపిరేనా?”

కాశమ్మ కళ్ళు మూసుకునే ఉంది. బొగ్గుపొడి రంగు వదలని వేళ్ళతో కూతురి చెయ్యి పట్టుకుంది.

“ముప్పై దాక లెక్కవెట్టిన బిడ్డా,” అంది. “ఆ తర్వాతది నాకు యాదికి లేదు.”